అడుగు బస్తా

పంతొమ్మిది వందల తొంభై అయిదు, మార్చి నెల, ఒక ఆదివారం మధ్యాహ్నం. ఖమ్మంలో ఓ నర్సింగ్‌హోం మేడ మీది గది. మిర్చి కమీషన్ వ్యాపారి పిచ్చయ్య కుర్చీ నిండా కూర్చున్నాడు, ఆయన భార్య సుశీలమ్మ పక్కన బల్ల మీద కూర్చుంది, వాళ్ల కొట్టు హమాలీ దూలయ్య గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఎదురుగా హైదరాబాదు నుంచి నెలకోసారి వచ్చే గుండె డాక్టరు కిషన్. పావుగంట నుంచీ పరీక్ష జరుగుతున్నమాట నిజమే గాని, ఎవరు ఎవరిని పరీక్ష చేస్తున్నారో చెప్పడం కష్టం.

"అయితే డాక్టరుగారూ, మీది ఏ ఊరన్నారూ?"

"ఇంకా అనలే పిచ్చయ్యగారూ. ముందు మీ ఆయాసం తగ్గనీయండి."

"ఆయాసం నాకెందుకండీ? మెట్లు నేనెక్కితే గదా! కింది పట్టు మా దూలయ్య, పై పట్టు మా డ్రైవర్ హమీదు. ఇరవై రెండు మెట్లు. కుర్చీలో కూర్చోబెట్టి పెళ్లికొడుకుని తెచ్చినట్టు తెచ్చారు."

"అయ్య గుండె మనిషి గదా సారూ. మెట్లెక్కొద్దని నేనే అన్న."

"విన్నారా? మా దూలయ్యకున్న జ్ఞానం మా ఇంట్లో ఎవరికీ లేదు."

"ఇంట్లో వాళ్ల సంగతి తర్వాత. డాక్టరుగారూ, ఆయన మాటల్లో పడకండి, మిమ్మల్ని సాయంత్రందాకా తిప్పుతారు. రిపోర్టులో ఏముందో నాకు చెప్పండి."

"రిపోర్టు మంచిగ లేదు సుశీలమ్మగారూ. గురువారం నాడు ఇక్కడ మిషను బెల్టు మీద ఉరికిచ్చిండ్రు గదా, ఆరో నిమిషంలనే గుండె గీతలు కిందికి జారినయ్. ఇంత జల్దీ జారినయ్యంటే, గుండెకు రక్తం మోసే పెద్ద నాళంల అడ్డం పడ్డట్టే. హైదరాబాద్ రావాలె. లోపల ఫొటో తీస్తం. అడ్డం దొరికితే బెలూన్ తోటి తెరుస్తం."

"భద్రాద్రి రామయ్యా! ఎంత చల్లగా చెప్పావయ్యా డాక్టరూ!"

"సుశీలా, ఏడవకు. ఆ మిషను తప్పు. ఉక్కులాంటి మనిషికి గుండెజబ్బు ఎట్లా వస్తది?"

"ఉక్కులాంటి మనిషా? ఎవరు?"

"ఎవరేంది? నేనే."

"మీరా? దిండు కింద పడితే తీసుకోవడానికి నన్ను పిలుస్తారు!"

"నువ్వాగు. డాక్టరుగారూ, నా పద్ధతి నాకుంది. నలభై ఏళ్ల నుంచి మిర్చి కొట్టులో కూర్చున్నోణ్ణి. ఏ రైతైనా పై బస్తానే విప్పి చూపిస్తాడు. ఎర్రగా నిగనిగలాడుతుంటది. నేను మురవను. అడుగు బస్తా విప్పమంటా. తాలుకాయంతా అక్కడే ఉంటది. ఇప్పుడు చెప్పండి, ఎక్కడ చదివారు?"

"ఎంబీబీఎస్ వరంగల్ల, ఎండీ హైదరాబాద్ల. గుండె చదువు ఢిల్లీల మూడేండ్లు."

"ఇది పై బస్తా."

"బెలూన్ పని నేర్చుకునేటందుకు అక్కడనే ఇంకో రెండేండ్లు. మొదటి ఆర్నెల్లు తీగ ముట్టుకోనియ్యలే. సీసం కోటు ఏసుకొని మా ప్రొఫెసర్ ఎనక నిలబడుడే పని. ఎక్స్‌రే తగలకుండ ఏసుకుంటం అది. బరువుంటది. తోటోళ్లు గంటకే నడుం పట్టుకొని కూర్చునేటోళ్లు."

"మరి మీరో?"

"నాకు బరువు కొత్త గాదు."

"అదేంది? చదువుకునే పిల్లాడికి బరువెక్కడిది? మీ నాన్నగారేం చేసేవారు?"

"నాలిక చూపియ్యండి."

"ఆఁ..."

"ఇంకా బయటికి. అట్లనే ఉంచుండి. ఉంచుండి. చాలు."

"నాలిక్కీ గుండెకీ ఏం సంబంధమండీ?"

"ఉంటది. అప్పుడప్పుడు."

"సరే. ఈ బెలూన్ పని ఇప్పటిదాకా ఎందరికి చేశారు?"

"నాలుగొందల పదిహేను మందికి."

"చెడిపోయినవి?"

"ఏమండీ! ఆయన మొహం మీదే అడుగుతారా ఆ మాట?"

"అడగాలి సుశీలా. ప్రాణం నాది."

"అడగనీయండమ్మా. ఏడుగురు పోయిండ్రు."

"ఏడుగురా! విన్నావా సుశీలా, ఏడుగురంట!"

"సున్నా అని చెప్పేటోడు గూడ దొరుకుతడు పిచ్చయ్యగారూ. అడ్రసు ఇయ్యాల్నా?"

"...వద్దులెండి. నూటికి నూరు నాణ్యం అన్న రైతుని నేనెన్నడూ నమ్మలేదు. ఆ ఏడుగురిలో ఒకటి చెప్పండి. మీరు మరిచిపోలేంది."

"గార్ల నుంచి ఒక లెక్కల మాస్టారు. హైదరాబాద్ల పని మొదలువెట్టి నాకు అప్పుడు రెండో ఏడాది. అడ్డం గట్టిగుండె, తీగ పోతలేదు. తీగను బొటనేలు, చూపుడేలు నడుమ పట్టుకొని తిప్పుకుంట తిప్పుకుంట తోవ ఎతకాలె. ఎతికిన. ఇగ ఆపి, పెద్ద ఆపరేషన్‌కు పంపాల్సింది. నేను మొండికి పోయిన. నాళం చిరిగింది."

"అయ్యో."

"అప్పటిసంది చెయ్యి ఎంత ముందుకు పోవాలో గాదు, యాడ ఆగాలో సూసుకుంట. మీరడిగిన అడుగు బస్తా ఇదే."

"ఊఁ. ఇది అడుగు బస్తానే. కాదనను. అయినా దాని కింద ఇంకోటి ఉన్నట్టుంది."

"సారూ, ఒక మాట అడగొచ్చా?"

"అడుగు కాకా."

"గుండెల తోవ తెరిచేటందుకు రొమ్ము కోస్తరా?"

"కొయ్యం. తొడ మొదట్ల చిన్న సూది గుచ్చి, అక్కడి నుంచి సన్న గొట్టం గుండెదాకా పంపుతం. దాంట్లకెళ్లి తీగ, తీగ మీద బుగ్గ. అడ్డం ఉన్నకాడ బుగ్గ ఉబ్బిచ్చి గోడకు అణగదొక్కుతం. మళ్ల బుగ్గను గుంజుకుంటం."

"బుగ్గంటే? జాతరలో పిల్లలు ఊదుతారే, అదా?"

"దాని లెక్కనే సుశీలమ్మగారూ. బియ్యపు గింజ కంటే జర పెద్దది."

"గుండెకు జబ్బయితే తొడ కాడ ఏం పని? చూశావా దూలయ్యా, అసలు దారే తప్పు!"

"తప్పేముంది అయ్యా? మనం మార్కెట్టుకు పోవాల్నంటే లారీ గేటు కాడికెళ్లే గదా వచ్చేది, గోడ పలగ్గొట్టుకొని రాం గదా."

"నువ్వు డాక్టరు పక్షం చేరావా?"

"నీ పక్షమే అయ్యా. నీ పక్షమే మాట్లాడుతున్న."

"డాక్టరుగారూ, ఇంకోటి. బోర్డు మీద బి. కిషన్ అని ఉంది. బి అంటే? బొప్పన వారా? బత్తుల వారా?"

"ఈ పట్టీ చేతికి కట్టనీయండి. బీపీ సూసేటప్పుడు మాట్లాడొద్దు, అంకె తప్పు వస్తది."

"ఊరు చెప్పడానికేం?"

"మీరు మాట్లాడినా తప్పు వస్తది, నేను మాట్లాడినా తప్పు వస్తది."

"సరే, కట్టండి."

"అయిపోయింది. బీపీ మంచిగనే ఉంది. మా ఊరు కారేపల్లి దగ్గర."

"కారేపల్లా! అరె, మా పొలాలక్కడే! ఎవరింటి వాళ్లు?"

"ఊర్లె గాదు. ఊరికి జర బయట."

"ఊరి బయట ఏముందండీ, తండా తప్ప?"

"గట్టిగ ఊపిరి తీసుకోండి. ఇంకా గట్టిగ. బిగబట్టండి. వదలొద్దు."

"ఏమండీ, మొహం ఎర్రబడుతోంది!"

"ఇగ వదలొచ్చు."

"హబ్బా! ఏం డాక్టరయ్యా నువ్వు! నేనడిగినప్పుడల్లా నా నోరు మూయిస్తావు. తండ్రి పేరు చెప్పుకోవడానికి కూడా సిగ్గా మనిషికి?"

"సిగ్గు గాదు. మా నాయిన ఖమ్మం మార్కెట్లనే పని చేసేటోడు. చాన ఏండ్ల కింద పోయిండు."

"మార్కెట్టులోనా! ఏ కొట్టు? నాకు తెలియని కొట్టా? సరే, సరే, నోరు తెరవమనకు. మార్కెట్టు వాడి కొడుకువైతే నీకు చెప్పాల్సిన సంగతొకటుంది. ఈ జబ్బులన్నీ కూర్చుని తినేవాళ్లకొస్తాయంటారు. అబద్ధం. మా కాంటా కాడ లచ్చిరాం అని హమాలీ ఉండేవాడు. దూలయ్యా, నీకు గుర్తే గదా?"

"గుర్తు లేకేంది అయ్యా. నా జతగాడు. బస్తా ఎత్తుడు నాకు నేర్పిందే ఆయన. బొటనేలు లోపటికి మడిచి పట్టేటోడు. గట్ల పట్టేటోడు మార్కెట్ల ఇంకోడు లేడు."

"బండరాయి లాంటి మనిషి డాక్టరుగారూ. ఓ రోజు ఎండలో ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. గ్యాసురా అని గోలీసోడా కొట్టి నేనే ఇచ్చా. తాగాడు. ఇంకా నాలుగు బస్తాలే గదా అయ్యా అని లేచాడు. అంతే, కాంటా మీదే పడ్డాడు."

"ఛాతీ పట్టుకున్నడా?"

"పట్టుకున్నాడు."

"సోడా తాగి ఎంతసేపు ఉన్నడు?"

"ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల మాట. ఎవరికి గుర్తుంటుంది? అదేం ప్రశ్న?"

"డాక్టర్లం గదా. అడుగుతం."

"అందరూ ఎండదెబ్బ అన్నారు."

"ఎండదెబ్బ గాదు."

"కాదా?"

"కాదు. అప్పట్ల ఖమ్మంల దాన్ని తెలుసుకునేటోళ్లు లేకుండె. ఇప్పుడున్నరు. అందుకే నెలకోసారి వస్తున్న. మీ సంగతికి వద్దాం. పిచ్చయ్యగారూ, మీ బరువెంత?"

"బరువా? ఉంటది."

"ఇందాక కింద తూచినప్పుడు ఎనభై నాలుగు కిలోలు. గురువారం ఫారంల యాభై మూడు అని రాసిండ్రు."

"అదా... ఈ మధ్య కొంచెం ఒళ్లు చేశా."

"మూడు రోజులల్ల ముప్పై ఒక్క కిలోనా?"

"మా ఆవిడ వంట."

"ఏమండీ! శుక్రవారం ఏకాదశి, ఇద్దరం పస్తులున్నాం!"

"కాంటా తేడా అయి ఉంటది. మా మార్కెట్టులో తరుగు తీస్తారు, మీ దవాఖానాలో కలుపుతారేమో."

"భుజం మీద కాయ కాసింది, పాత మచ్చ అని గూడ రాసిండ్రు. మీ భుజం చంటిపిల్ల బుగ్గ లెక్క ఉంది."

"మిషను తప్పని మొదట్నుంచీ మొత్తుకుంటున్నా గదా!"

"భుజం గూడ మిషనే సూసిందా? ఉరుకుడు ఏ చొక్కా మీద ఉరికిండ్రు?"

"చొక్కా... చొక్కా తోటే."

"చొక్కా తోటి ఉరకనియ్యరు. రొమ్ము మీద తీగలు అతికిస్తరు."

"ఏమండీ."

"ఏంది సుశీలా?"

"ఇట్లా నా మొహం చూసి చెప్పండి. ఆ బెల్టు మీద మీరు ఉరికారా?"

"...ఉరికినట్టే."

"ఉరికినట్టే అంటే?"

"ఉరకడానికి మనిషిని పెట్టా."

"మనిషినా?"

"దాంట్లో తప్పేంది? నా కొట్టులో బరువెత్తే పని, ఉరికే పని ఇరవై అయిదేళ్ల నుంచి దూలయ్యదే. పంచె ఊడదీసి లాగు తొడుక్కోమన్నాడు ఆ మిషను నడిపే మన్సూరు కుర్రాడు. నలుగురు ఆడవాళ్లు వరుసలో కూర్చుని ఉన్నారు. నేను లాగులో ఉరకనా? దూలయ్యా నువ్వెక్కరా అన్నా, వాడెక్కాడు. మన్సూరు కొత్తవాడు, పిచ్చయ్య ఎవరంటే వీడు చెయ్యెత్తాడు. నేను బయట టీ తాగుతూ కూర్చున్నా."

"ఛీ, మీ బుద్ధి కాలా!"

"సుశీలమ్మగారూ, ఒక్క నిమిషం. కాకా, ఇటు రా. లోపటికి రా. కూసో."

"వద్దు సారూ, నిలబడుత."

"కూసోమన్న. అయ్యగారి కుర్చీలనే కూసో. పిచ్చయ్యగారూ, లేవండి."

"నేనా?"

"లేవండి! విన్లేదా, డాక్టరుగారు లెమ్మంటుంటే!"

"లేచా, లేచా."

"చెప్పు కాకా. గురువారం ఉరికేటప్పుడు ఏమన్న అయిందా?"

"ఏం గాలే సారూ. జర రొమ్ము పట్టింది. ఆ పిలగాడు ఆపుతా అన్నడు. నేనే వద్దన్న. ఆపితే అయ్యకు మార్కులు తక్కువస్తయేమో అని."

"మార్కులా! ఓరి నా దూలయ్యా!"

"ఈ రొమ్ము పట్టుడు ఎన్ని దినాల సంది?"

"దసరా కాడికెళ్లి. బస్తా ఎత్తి పది అడుగులేస్తే ఎవరో రొమ్ము మీద కాలు పెట్టి తొక్కినట్టుంటది. నిలబడితే పోతది."

"ఎవరికన్న చెప్పినవా?"

"చెప్తే కాంటా ఆగుతది గదా సారూ."

"ఇయ్యాల మెట్ల మీద?"

"అయింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు... జరంత ఉంది. ఇందాకటి సంది పోతలేదు. ఫికరు లేదు సారూ, ఒక సోడా తాగితే—"

"సోడా మాటెత్తకురా! ఒరేయ్ దూలయ్యా, నీ కాళ్లు పట్టుకుంటా, సోడా మాటెత్తకు! లచ్చిరాం కూడా ఇట్లాగే, ఇదే మొహంతో... డాక్టరుగారూ, ఏదన్నా చెయ్యండి! వీడిచేత నేను ఇరవై రెండు మెట్లు మోయించుకున్నా. సిగ్గు లేకుండా మోయించుకున్నా!"

"గాభరా పడకండి. కాకా, ఈ గోళీ నాలిక కింద పెట్టుకో. మింగొద్దు. చొక్కా ఇప్పు, తీగలు పెడుత."

"ఇవి మొన్న పెట్టినయే గదా సారూ. పాతయే."

"కదలకు. ...ఊఁ. అటాక్ ఇంకా రాలే. వాకిట్ల నిలబడ్డది. పిచ్చయ్యగారూ, ఇయ్యాలనే తీస్కపోవాలె. కింద అంబులెన్స్ ఉంది, నేను ఎంబడి ఉంట. రేపు పొద్దున ఆంజియో, అడ్డం సూసుకొని బెలూన్."

"సారూ, నాకెందుకు గంత పెద్ద దవాఖానా? గంత ఖర్సు నేను—"

"నోరు ముయ్ దూలయ్యా. ఏమండీ, చీటీ మీద పేరెవరిది?"

"నాదే."

"రిపోర్టు మీద?"

"నాదే సుశీలా."

"ఉరికేటప్పుడు మీ పేరు మీద ఉరికాడు గదా? బుగ్గ కూడా మీ పేరు మీదే వేయించుకుంటాడు. నేను కూడా హైదరాబాదు పోతున్నా. నాలుగు రోజులు మీరే వండుకు తినండి, ఒళ్లు చేస్తారో తీస్తారో చూద్దాం."

"నేనూ వస్తా. ఎవరు కాదన్నారు? ఒరేయ్, భయపడకు. ఈ డాక్టరు దగ్గర ఏమన్నా అడగాలంటే అడుగు. ఎక్కడ చదివాడో, ఎన్ని చేశాడో—"

"అన్ని నువ్వే అడిగినవ్ గదా అయ్యా, గుమ్మం కాడ నిలబడి ఇన్న. ఏడుగురు పోయిండ్రని ఉన్నదున్నట్టు చెప్పిండు. గసుంటోని చేతుల పండుకుంటే భయం లేదు. ఏలిముద్ర యాడెయ్యాలె సారూ?"

"ఇక్కడ. దూలయ్య అనే ఎయ్యి, పిచ్చయ్య అని గాదు. ఇగ మెట్ల సంగతి. కాకా ఒక్క అడుగు గూడ నడవొద్దు. ఆ మలుపుల స్ట్రెచర్ తిరగదు. కుర్చీలనే దించాలె."

"నేను పడతా."

"మీరు దూరం జరగండి. మీ పరీక్ష ఇంకా కానే లేదు. వచ్చేవారం లాగు తొడుక్కొని మీరే ఉరకాలె."

"ఉరుకుతారు డాక్టరుగారూ. నేను వెనకాల నిలబడి ఉరికిస్తా. హమీదూ! ఒరేయ్ హమీదూ! జల్దీ పైకి రా!"

"ఆయా అమ్మా! క్యా హువా? ...అరె! ఎక్కేటప్పుడు సేటు, దిగేటప్పుడు దూలయ్యనా? ఏం దవాఖానా సాబ్ ఇది?"

"హమీద్ భాయ్, నువ్వు పై పట్టు పట్టు. కింది పట్టు నాకు ఇడువు."

"సాబ్, బరువంత కింది పట్టు మీదనే పడుతది. మీరు డాక్టర్ సాబ్, మీతోటి కాదు."

"అవ్ సారూ, ముట్టకు. నువ్వు మెత్తటి చేతులోనివి. నడుం వంచితే పట్టేస్తది, మోకాళ్లు వంచాలె, ఎనక కాలు— ...సారూ."

"కదలకు కాకా."

"సారూ, ఆ బొటనేలు."

"ఏమైంది?"

"లోపటికి మడిచినవ్. గట్ల పట్టుడు నీకెవరు నేర్పిండ్రు సారూ? అయ్యా, సూడు! ఆ బొటనేలు సూడు!"

"దూలయ్యా, ఊరికే ఆయాసపడకురా. బొటనవేలు... బొటనవేలు... డాక్టరుగారూ... బి అంటే... కారేపల్లి బయట..."

"పిచ్చయ్యగారూ, ఇందాకటి సంది అడుగు బస్తా ఇప్పమంటున్నరు గదా. లచ్చిరాం కొడుకుని. జర పక్కకు జరగండి, మెట్లున్నయ్."